ఎంటర్‌టైన్‌మెంటూ, మా అత్త తిట్లూ

నేను బి.ఎడ్. చదివిన ట్రైనింగ్ కాలేజీ లైబ్రరీలో ఒక లావుపాటి ఇంగ్లీషు నిఘంటువు ఉండేది. దాన్ని బల్ల మీంచి కదలనిచ్చేవాళ్ళు కాదు, నిలబడే చూసుకోవాలి. పాఠాలు చెప్పడం అభ్యాసం చేస్తున్న రోజుల్లో ఎనిమిదో తరగతి పిల్ల ఒకతె లేచి, "ఎంటర్‌టైన్‌మెంట్ అంటే సినిమానా టీచర్?" అని అడిగింది. సినిమా కూడా, అన్నాను. ఆ 'కూడా' నాకే నచ్చలేదు. తెలియని సంగతి తెలిసినట్టు చెప్పి తప్పించుకునే వాళ్ళంటే నాకు మొదటినుంచీ ఒళ్ళుమంట, అందులో నేనున్నా సరే. ఆ సాయంత్రం వెళ్ళి ఆ పుస్తకం ముందు నిలబడ్డాను.

అర్థాల కంటే ముందు ఆ మాట పుట్టుక ఇచ్చారు. ఫ్రెంచి నుంచి ఇంగ్లీషులోకి వచ్చిందట. ఫ్రెంచి వెనకాల లాటిన్ ఉందట. 'ఇంతెర్' అంటే నడుమ. 'తెనేరె' అంటే పట్టుకోవడం. రెండూ కలిస్తే నడుమ పట్టుకుని ఉండటం, జారిపోకుండా నిలిపి ఉంచడం. ఇంగ్లీషులోకి వచ్చిన కొత్తల్లో కూడా దానికి నవ్వులతో, ఆటపాటలతో పనిలేదు. ఒక మనిషిని పోషించడం, ఉన్న స్థితి చెడకుండా కాపాడటం, ఇంటికొచ్చినవాళ్ళను చూసుకోవడం, ఇవీ దాని పనులు. వచ్చినవాళ్ళకు పొద్దుపోవాలి కాబట్టి కబుర్లు చెప్పడం, పాట పాడించడం ఆ తర్వాతెప్పుడో వచ్చి చేరాయి. చివరికి పట్టుకోవడం సంగతి అందరూ మరిచిపోయారు, పాటలే మిగిలాయి.

మనం కాలక్షేపం అంటాం. అందులో కాలాన్ని అవతలికి నెట్టెయ్యడమే ఉంది. ఈ మాటలో మనిషిని వదలకపోవడం ఉంది. ఆ తేడా చూసి నేను ఆ పేజీ దగ్గరే నిలబడిపోయాను. లైబ్రరీ ఆయన తలుపులు మూసుకోవాలమ్మా అని గుర్తుచేసినా కదల్లేకపోయాను. నా కళ్ళ ముందు మా ఎడ్లబండి ఉంది. అందులో మా అమ్మను అటు నాయన, ఇటు అత్త పట్టుకుని కూర్చున్నారు.

మాది విడవలూరుకు తూర్పున, కాలవకూ సముద్రానికీ మధ్య ఇసుక నేల మీద ఉన్న చిన్న ఊరు. కాలవంటే సరుకు పడవలు నడిచే పెద్ద ఉప్పునీటి కాలవ. అది దాటితే గానీ మాకు బస్సు లేదు, డాక్టరు లేడు. మా వరి మడి కూడా అవతలి గట్టునే. ఇటువైపు కాస్త వేరుశనగ, కాస్త సరుగుడు తోపు ఉండేవి.

మా నాయన నవ్వించే మనిషి. కరణంగారి దగ్గు, మునసబుగారి నడక, రేవు దగ్గర బల్లకట్టు నడిపేవాడి బేరం, ఎవరిదైనా అచ్చు దింపేవాడు. ఆయన అరుగు మీద కూర్చుంటే వీధి వీధంతా అక్కడే చేరేది. అమ్మ ఒక్కతే నవ్వేది కాదు. ఏదైనా కొత్తది దొరికితే ఆయన ముందు ఆమెకే చేసి చూపించేవాడు. ఆమె చేతిలో చేట పక్కన పెట్టి, చివరిదాకా శ్రద్ధగా చూసి, "బాగుండాది. ఎడ్లకు నీళ్ళు పెట్టినావా?" అనేది. ఆయన దాన్ని మెచ్చుకోలు కిందే జమకట్టుకునేవాడు.

అత్త మా నాయనకు అక్క. మొగుడు పోయాక, పిల్లల్లేక, మా గోడకు ఆనుకుని ఉన్న ఇంట్లో చేరింది. మా అక్కను పెంచింది ఆవిడే. నలుగు పెట్టడం దగ్గర్నుంచి జడ వెయ్యడం దాకా అంతా ఆవిడ చేతి మీదే జరిగింది. అలాంటిది అక్క పెళ్ళికి పసుపు దంచే రోజు, వీధిలో ముత్తైదువలందరినీ పిలిచి వచ్చిన అమ్మ, అత్త గడప తొక్కలేదు. విధవను పిలవకపోవడం మా ఊళ్ళో ఎవరికీ తప్పుగా తోచలేదు. ఆ ఆచారం తలుచుకుంటే నాకు ఇప్పటికీ రక్తం ఉడుకుతుంది.

అప్పటినుంచి అత్త అమ్మతో మాట్లాడటం మానేసింది. మానేసిందంటే నోరు మూసుకుందని కాదు. బర్రెనూ కోళ్ళనూ అడ్డం పెట్టుకుని రోజూ తిట్టేది. "ఈ బర్రెకు పెట్టిన చెయ్యి గుర్తుండదు" అని గోడ అవతలికి వినపడేట్టు అనేది. అమ్మ ఒక్క మాటకూ బదులు పలికేది కాదు. ఏదైనా అవసరం పడితే మధ్యలో నేను. "మీ అమ్మతో చెప్పుమే, మజ్జిగ కుండ ఖాళీ చేసి పంపమని." "మీ అత్తతో చెప్పు, రేపు పంపిస్తానని." ఇద్దరూ చెయ్యి చాస్తే అందేంత దూరంలో నిలబడి ఈ మాటలు నాచేత మోయించేవాళ్ళు.

నేను ఎస్సెల్సీ పరీక్షలు రాసి ఇంట్లో ఉన్న ఎండాకాలం అది. మధ్యాహ్నం భోజనాలయ్యాక అమ్మ పెరట్లో కుప్పలోంచి పిడకలు తీస్తూ చెయ్యి చటుక్కున లాక్కుంది. అరవలేదు. "ఏందో కరిచిందే" అని వేలు చూసుకుంది. నాయన కర్ర తెచ్చి కుప్పను లాగితే నాగుపాము పడగెత్తి నిలబడి, కంచెలోకి జారిపోయింది. నాయన చేతిలో కర్ర కింద పడింది.

ఆ తర్వాత ఇంటినిండా జనం. ఒకరు మోచేతి పైన తాడు బిగించి కట్టారు. ఒకరు వేపాకు తెచ్చి నమిలించారు. చేదు తెలుస్తున్నంతసేపూ విషం తలకెక్కలేదని లెక్క. "చేదుగా ఉండాదా?" అంటే "చేదే" అంది అమ్మ. "నిద్ర పోనీకండి, కన్ను మూస్తే ఇంగ లేవదు" అని అందరూ అంటున్నారు. పాము కరిచినవాళ్ళను మా వైపు కునుకు తియ్యనివ్వరు. పాటలు పాడి, కథలు చెప్పి, డప్పు కొట్టి, చెంపలు తట్టి మేలుకొని ఉండేట్టు చూస్తారు. మంత్రం వేసేవాడు వచ్చేదాకా అదే వైద్యం. ఆ మంత్రం వేసేవాణ్ణి పిలుచుకు రావడానికి ఒకాయన చెప్పులు కూడా వేసుకున్నాడు.

అప్పుడు జనాన్ని తోసుకుంటూ మా అత్త లోపలికొచ్చింది. అక్క పెళ్ళి తర్వాత ఆవిడ మా గడప దాటడం అదే మొదటిసారి. వచ్చి అమ్మ ఎదురుగా గొంతుక్కూర్చుంది.

"ఏమే, పోదామనుకుంటుండావా? నాకు జవాబు చెప్పకుండా యాడికి పోతావు?"

అమ్మ ఆమె మొహంలోకి చూసింది. "నాతోనే మాట్లాడతుండావా వదినా?" అంది.

"కాదు, బర్రెతో మాట్లాడతుండా." అత్త నాయన వైపు తిరిగింది. "బండి కట్టరా. మంత్రమూ వద్దు, గింత్రమూ వద్దు. నెల్లూరు ఆస్పత్రికి పోదాం."

నాయన అమ్మను ఎత్తుకుని వచ్చేలోపు పక్కింటాయన ఎడ్లను కట్టి, తానే తోలడానికి ఎక్కాడు. బండిలో అమ్మను నడుమ కూర్చోబెట్టి అటు నాయన, ఇటు అత్త భుజాలు పట్టుకున్నారు. నేను కాళ్ళ దగ్గర కూర్చున్నాను. అమ్మ నిద్రపోకూడదు. ఆ దారంతా మాకున్న పని అదొక్కటే.

ఇసుకలో బండి నెమ్మదిగా పోతోంది. నాయన మొదలుపెట్టాడు. కరణంగారి దగ్గు దగ్గాడు. మునసబుగారు కుక్కను అదిలించినట్టు అదిలించాడు. ఊరి జనం పడీపడీ నవ్వే ఆటలన్నీ ఒకదాని వెంట ఒకటి ఆడాడు. కళ్ళ నుంచి నీళ్ళు కారుతూనే ఉన్నాయి, గొంతు మాత్రం కరణంగారిదే. నాకు ఆయన్ను చూస్తే భయమేసింది. అమ్మ ఎప్పటిలాగే శ్రద్ధగా చూసింది. "బాగుండాది" అంది. అలా అంటుండగానే ఆమె రెప్పలు సగానికి దిగాయి. "నిద్రొస్తుండాది" అంది.

"నువ్వు గమ్మునుండరా" అని అత్త నాయన్ను కసిరింది. అమ్మ గడ్డం పట్టుకుని తన వైపు తిప్పుకుంది. "పసుపు దంచేదానికి ఊరందరినీ పిలిచినావే. నన్నెందుకు పిలవలా? నేను ఎత్తుకుని పెంచిన బిడ్డకు నేను పనికిరానా? నీకు నోరెట్టా వచ్చింది, నా వాకిలి దాటుకుని పక్కింటికి పోయేదానికి?"

ఏళ్ళ తరబడి బర్రె మీదా కోళ్ళ మీదా పడిన మాటలన్నీ ఇప్పుడు నేరుగా అమ్మ మీద పడుతున్నాయి. అమ్మ తల వంచుకుంది. జవాబు చెప్పలేదు. ఆ మాటలు నిజం కాబట్టి చెప్పలేదు. తల వంగేసరికి కళ్ళు మళ్ళీ మూతలు పడసాగాయి.

అత్తకు అది అర్థమైంది. నిజం చెబితే ఈ మనిషి ఊరుకుంటుంది, అబద్ధం చెబితే ఊరుకోదు. మరుక్షణం అబద్ధాలకు దిగింది.

"మీ పుట్టింటోళ్ళు విడిదిలో మాకు బూరెలే పెట్టలా."

అమ్మ తల లేచింది. "పెట్టినారు. నువ్వు మళ్ళీ అడిగి వేయించుకున్నావు."

"మీ నాయన ఎద్దును అమ్మేటప్పుడు కుంటి సంగతి చెప్పలా."

"మా నాయన యాడన్నా ఎద్దును అమ్మినాడా? మాకుండేవి బర్రెలు."

"పెళ్ళయి వచ్చిన వారానికే నువ్వు మా అమ్మ ఇత్తడి బిందె పగలగొట్టినావు."

"ఇత్తడి బిందె ఎట్టా పగులుతుంది వదినా?"

పక్కింటాయన ఎడ్లను అదిలిస్తూనే వెనక్కి తిరిగి చూశాడు. నవ్వు రాబోయి ఆగిపోయిన మొహం ఆయనది. నాకు ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. అప్పుడు మాత్రం ప్రతి అబద్ధానికీ జవాబు వస్తుందా రాదా అని అమ్మ పెదాలే చూస్తూ కూర్చున్నాను.

రేవు దగ్గరికి వచ్చేసరికి బల్లకట్టు అవతలి గట్టున ఉంది. దాన్ని నడిపే మనిషి చెట్టు కింద సద్ది తింటున్నాడు. మేము కేకలు పెడితే చేయి కడుక్కుని కదిలాడు గానీ, ఆ బల్లకట్టు కాలవ దాటి మా దగ్గరికి రావడానికి ఒక యుగం పట్టినట్టనిపించింది. నేను అమ్మ నోటికి మళ్ళీ వేపాకు అందించాను. నమిలింది.

"చేదుగా ఉండాదామ్మా?"

ఆమె కాసేపు ఆలోచించింది. "తెలవడంలా. గడ్డి నమిలినట్టుండాది" అంది. నాలుక మందం కట్టి మాట ముద్దగా వచ్చింది.

మా పై ప్రాణాలు పైనే పోయాయి. నాయన ఎడ్ల వైపు మొహం తిప్పుకున్నాడు. అత్త ఒక్కతే తిప్పుకోలేదు. ఇంకా గట్టిగా, ఇంకా ఘోరంగా అందుకుంది. అమ్మ వంట, అమ్మ నడక, అమ్మ మేనమామలు, ఏదీ వదల్లేదు. బల్లకట్టు మీద బండి ఎక్కుతున్నా ఆగలేదు, దిగుతున్నా ఆగలేదు.

విడవలూరులో నెల్లూరు బస్సు కదలబోతోంది. సంగతి విని ముందు సీట్లో వాళ్ళు లేచి చోటిచ్చారు. వెనకున్న వాళ్ళకు ఏం జరిగిందో తెలియదు. ఇంజను మోతలో వినపడాలని అత్త గొంతు పెంచింది. బస్సంతా చెవులప్పగించింది. ఆడవాళ్ళ కయ్యం ఉచితంగా దొరికితే ఎవరు వదులుకుంటారు? ఒకడు పళ్ళికిలించి పక్కవాణ్ణి పొడిచాడు. వాణ్ణి కొట్టాలనిపించింది నాకు. కాస్త పెద్దాయన ఒకరు ఓర్చుకోలేక లేచారు.

"ఏందమ్మా ఇది? ఆమెకు ఒంట్లో బాగలేనట్టుండాది. ఇట్టాంటప్పుడా తిట్టేది?"

మా నాయన ఆయన చేయి పట్టుకున్నాడు. "తిట్టనీయన్నా. పాము కరిచింది. మా అక్క తిట్టడం ఆపితే నా పెళ్ళాం పోతుంది."

ఆ తర్వాత బస్సులో ఎవరూ నవ్వలేదు. పళ్ళికిలించినవాడే ముందుకొచ్చి డ్రైవరుతో, దారిలో ఆపొద్దన్నా, పోనీ, అని చెప్పాడు. చెయ్యెత్తిన ఊళ్ళను దాటేసుకుంటూ బస్సు పోయింది.

కోవూరు దాటాక అమ్మ కళ్ళు పూర్తిగా మూసుకుపోయాయి. అత్త ఒక అబద్ధం చెప్పింది. జవాబు లేదు. ఇంకొకటి చెప్పింది. అమ్మను దొంగ అంది. అమ్మ తల్లినీ తిట్టింది. చెంప మీద తట్టింది. ఉలుకూ పలుకూ లేదు. తల నాయన భుజం మీద వాలిపోయింది. ఊపిరి ఉందా లేదా అని నేను ముక్కు దగ్గర వేలు పెట్టాను. ఉంది, చాలా సన్నగా.

అప్పుడు అత్త తిట్టడం ఆపేసింది. అమ్మ చేతిని రెండు చేతుల్లోకి తీసుకుంది. బస్సు పెన్న బ్రిడ్జి మీదికి ఎక్కింది. ఆ మోతలో అత్త మాటలు నాకు దగ్గరగా కూర్చోబట్టి వినపడ్డాయి.

"నువ్వు పిలిచినా నేను వచ్చేదాన్ని కాదుమే. నాకు ఆచారం తెలవదా? బిడ్డకు మంచి జరగాలని నాకు మాత్రం ఉండదా? వాకిట్లోకొచ్చి, వదినా రా అని ఒక్క మాట అనుంటే చాలు, ఇంట్లోనే కూచొని ఉండేదాన్ని. నువ్వు మంచిదానివి. ఇన్నేళ్ళు తిడతావుంటే ఒక్కనాడు ఎదురు చెప్పలా. నీ అంత మంచిదాన్ని నేను చూడలా." అని అమ్మ చేతి మీద తల పెట్టుకుని ఏడ్చింది. ఆమె ఏడవడం చూసి నాయన కూడా గొల్లుమన్నాడు. నేను కిటికీ ఊచ పట్టుకుని పెన్నలో ఇసుక చూస్తూ కూర్చున్నాను. మా అమ్మ చచ్చిపోయిందనే అనుకున్నాను.

ఆస్పత్రిలో డాక్టరుగారు అమ్మ రెప్పలు వేళ్ళతో ఎత్తి చూసి, వెంటనే ఇంజెక్షన్లు మొదలుపెట్టించారు. నిద్రపోనీకుండా ఎంతో చూశామండీ, చివర్లో పోయింది అని నాయన ఏడుస్తూ చెబితే ఆయన విసుక్కోలేదు. ఇది నిద్ర కాదయ్యా, రెప్ప ఎత్తడానికీ నాలుక తిప్పడానికీ బలం పోయింది, అంతే అన్నారు. మెలకువగా ఉంచినా ఉంచకపోయినా విషం తన పని తాను చేసుకుపోతుందని, త్వరగా తీసుకురావడమే మంచిదైందని చెప్పారు.

ఆయన చెప్పింది నిజం. కాదనను. అమ్మను బతికించింది మందే. కానీ లైబ్రరీలో ఆ పేజీ ముందు నిలబడినప్పుడు నాకు తట్టిన సంగతి ఇంకొకటి ఉంది. ఆ దారిలో అత్త తిట్లతో పట్టుకుని నిలిపింది అమ్మనొక్కదాన్నే కాదు. ఆ తిట్లు ఆగుంటే నాయన రేవు దగ్గరే కూలబడేవాడు. పక్కింటాయన ఎడ్లను ఆపేవాడు. నేను ఏడుపు లంకించుకునేదాన్ని. అంతమందిమి జారిపోకుండా, ఒకరినొకరు వదలకుండా నెల్లూరు దాకా వచ్చామంటే ఆ తిట్ల వల్లే. ఇంగ్లీషువాళ్ళు ఆ మాటను సినిమాహాళ్ళకు ఇచ్చేసుకున్నారు గానీ, దాని అసలు పని నేను ఆ బండిలో చూశాను. తర్వాత బడిలో ఆ మాట వచ్చినప్పుడల్లా పిల్లలకు ఈ సంగతి చెప్పేదాన్ని. పరీక్షలో రాయొద్దని కూడా చెప్పేదాన్ని, మార్కులు పోతాయి కాబట్టి.

మర్నాటికి అమ్మ రెప్పలు కొద్దిగా కదిలాయి. ఆ మర్నాడు గొంతు పెగిలింది. అత్త ఇంటికి వెళ్ళనే లేదు, ఆస్పత్రి వరండాలోనే పడుకుంది. గంజి చల్లార్చి లోటాలో పోసి మంచం పక్కన కూర్చుంటే, అమ్మ ఆమె కొంగు పట్టుకుంది.

"పసుపు దంచే రోజు నిన్ను పిలవాల్సింది వదినా."

"ఇప్పుడెందుకులేమ్మా ఆ మాటలు" అంది అత్త. మా అత్త అమ్మను 'అమ్మా' అనడం నేను విన్నది అదే మొదటిసారి. "గంజి తాగు. నువ్వు మంచిదానివి."

అమ్మ ఒక్కసారి బెదిరిపోయినట్టు కళ్ళు పెద్దవి చేసింది. కొంగు ఇంకా గట్టిగా పట్టుకుంది.

"అట్టా అనొద్దు. బస్సులో నాకు అన్నీ వినపడినాయి. కళ్ళు తెరవలేకపోయినా, నోరు తిరక్కపోయినా, నువ్వు నన్ను తిడతావున్నంతసేపూ నాకు భయం లేదు. బతికే ఉండాననుకున్నా. నువ్వు తిట్టడం మానేసి మంచిదన్నావు చూడు, అప్పుడు తెలిసింది నేను పోతుండానని. ఆ బ్రిడ్జి మీద నాకేసిన భయం పాము కరిచినప్పుడు కూడా వేయలా. ఇంగెప్పుడూ నన్ను మంచిదాన్ననొద్దు వదినా."

అత్త లోటా కింద పెట్టింది. ఏదో ఒకటి తిట్టాలని నోరు తెరిచింది. కానీ ఎంతసేపు చూసినా ఆమెకు ఒక్క తిట్టూ నోటికి రాలేదు.